సత్యాన్వేషియు, మా యింటి యంజనమును

లోకమున అభిప్రాయమంత చౌకయైన వస్తువు మరియొకటి లేదు. వాన వచ్చునా రాదా యనుటకును, పొరుగింటి పిల్లకు కుదిరిన సంబంధము మంచిదా కాదా యనుటకును, నాటకములోని హంతకుడెవడనుటకును, అడిగినవారికిని అడుగనివారికిని మనము అభిప్రాయములు చెప్పుచునే యుందుము. చెప్పుటలో దోషము లేదు. చెప్పినది తప్పని తెలిసిన పిమ్మట దానిని ఏమి చేయవలెననునదే చిక్కు. ఆ చిక్కు మా యింట ఎట్లు పుట్టెనో, ఇరువదియేడేండ్లు తీరక ఎట్లు నిలిచెనో చదువరులకు విన్నవింపదలచితిమి. ఇందు మేము చెప్పుకొనదగిన గొప్ప యేమియు లేదు.

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి దేశమంతటను ఇల్లు కదలరాదను నిర్బంధము కలిగినప్పుడు, కడప జిల్లాలో పాపఘ్ని యొడ్డున నున్న కమలాపురమున మా యిల్లు చాలకాలమునకు నిండినది. హైదరాబాదునను బెంగుళూరునను ఉద్యోగములు చేయు పిల్లలు ముందుగనే యిల్లు చేరిరి. వీధిలో మనుష్యసంచారము లేదు. మా యూరిమీదుగా కడపకును గుంతకల్లునకును పోవు ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయెను. అట్టి దినములలో దూరదర్శనమువారు తమ పాత ధారావాహికలను మరల చూప నారంభించిరి. వానిలో 1993లో తొలిసారి ప్రసారమైన ‘బ్యోంకేశ్ బక్షీ’ యొకటి.

బాసు చటర్జీ దర్శకత్వమున రజిత్ కపూర్ బ్యోంకేశుగను, కె. కె. రైనా అతని మిత్రుడు అజితుగను నటించిన యీ ధారావాహికను మా యీడువారు మరచియుండరు. వంగ రచయిత శరదిందు బందోపాధ్యాయుడు (1899–1970) 1932లో వ్రాయ నారంభించిన కథలకు ఇది దృశ్యరూపము. ఈ కథానాయకునకు డిటెక్టివు అను పేరు గిట్టదు. తన వాకిట పలకమీద ‘సత్యాన్వేషి’ యని వ్రాయించుకొన్నాడు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరునితోను, అతని సహాయకుడు రాజుతోను పెరిగిన మా యింటివారికి అపరాధ పరిశోధనము క్రొత్తది కాదు. పరిశోధకుడు తన్ను సత్యాన్వేషి యని చెప్పుకొనుట మాత్రము మాకు క్రొత్తగ తోచెను. మొదటి కథ పేరును అదియే.

ఎరుగనివారికై కథను క్లుప్తముగ చెప్పెదము. కలకత్తాలో అనుకూల్ బాబు అను హోమియో వైద్యుడొకడు మెస్సు నడుపుచుండును. అందు కొందరు గదులు తీసికొని యుందురు. ఆ పేటలో హత్యలు జరుగుచుండును. అతుల్ చంద్ర మిత్ర యను నొకడు తలదాచుకొను చోటు వెదకికొనుచు వచ్చి అజితుని గదిలో చేరును. కొన్నాళ్లకు ఆ మెస్సులోనే యుండు అశ్వినీబాబు గొంతు కోయబడి చచ్చిపడియుండును. అందరి యనుమానమును క్రొత్తగ వచ్చిన అతులునిమీదికి పోవును. తుదకు తేలిన దేమనగా, ఆ అతులుడే బ్యోంకేశ్. హంతకుడు అందరికిని మందులిచ్చి తియ్యగ మాటలాడు అనుకూల్ బాబు. హోమియో మందుల మాటున అతడు నడుపునది కొకెయిను వ్యాపారము. పేరునకు మాత్రము అనుకూలుడే.

బొమ్మ ముగిసినదో లేదో మా నడవలో అభిప్రాయముల సంత కూడెను. ప్రధానోపాధ్యాయులుగ పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న మా పెదనాయనగారు, 1993లోనే తాము మొదటి పది నిమిషములలో వైద్యుని కనిపెట్టితిమనిరి. మా చిన్నాయన తామైదు నిమిషములలోనే కనిపెట్టితిమనిరి. బెంగుళూరునుండి వచ్చిన పిల్లవాడు కథ నత్తనడక నడచినదని పెదవి విరిచెను. ఇంజనీరింగు చదువుచున్న మా తమ్ముని కూతురు మంచి ప్రశ్న యొకటి వేసెను: సత్యమును వెదకువాడు అబద్ధపు పేరుతో వచ్చి, ఒక్క గదిలో పండుకొనిన అజితునిసైతము మోసగించుట న్యాయమా? మా వదినగారు మరియొక లోపము పట్టిరి. ఆ మెస్సులో ఆడుది యొక్కతె కానరాదు. ఉన్నచో కథ యంత దూరము పోదు. రాత్రి యింట ఎవరు మేలుకొనియున్నారో, ఎవరు తలుపు తీసిరో ఆడువారికి తెలియకుండునా యని.

వాదము హెచ్చుచుండగా, గోడకావలినుండి పొరుగింటి ఆపా కంఠము వినబడెను. వారింటను అదే బొమ్మ చూచిరి కాబోలు.

“ఆ పొద్దు మీలో ఎవురూ కనుక్కోలేదప్పా. కనుక్కునింది గిన్నెలు తోమే పిల్ల. గడపకాడ నిలబడి చెప్పింది. మీరు మర్చిపోయింటారు, నాకు గుర్తుండాది.”

మా నడవలో మాట నిలిచిపోయెను. పిల్లలకు కారణము తెలియదు. పెద్దలమైన మాకు తెలియును. మేము మరచిపోలేదు.

1993లో మా యింట నున్నది చిన్న నలుపు తెలుపు పెట్టె. మిద్దెమీద నొకడు ఆంటెన్నాను త్రిప్పుచుండగా, క్రిందినుండి మరియొకడు “వచ్చె, వచ్చె, పాయె” అని కేకలు వేయవలెను. ఆ పెట్టె మా వీధికంతకును ఉమ్మడిసొత్తు. మాకు హిందీ రాదు. ఆపా వారింట ఉర్దూ మాటలాడుదురు కావున ఆమె మా నడుమ బండలమీద కూర్చుండి, ఒక్కొక్క మాటను విని తెలుగున చెప్పుచుండెను. చెప్పుటలో కథ పెరిగెనో తరిగెనో మేమెరుగము. మాకు మాత్రము మిక్కిలి రుచించెను.

గిన్నెలు తోముటకు మా యింటికి వచ్చు బాలికకు అప్పటికి పదునాలుగేండ్లు మించవు. వారు ఎరుకలవారు. తల్లి గంపలల్లి సంతలో నమ్ముకొనును. బడిలో నుండవలసిన పిల్ల మా పెరటిలో బూడిదతో గిన్నెలు తోముచుండుట మాలో నొక్కరికిని వింతగ తోపలేదు. మా నడవగోడమీద కందుకూరి వీరేశలింగము పంతులుగారి పటముండెను; ఇప్పుడును ఉన్నది. ఆ సాయంకాలము పని ముగించుకొని ఆ బాలిక గడపకావల నిలువబడి బొమ్మ చూచుచుండెను. లోపలికి వచ్చి కూర్చుండుమని మేమనలేదు, ఆమెయు రాలేదు.

నడుమ ప్రకటనలు వచ్చినప్పుడు హంతకుడెవడను చర్చ పుట్టెను. పెదనాయనగారు అతులుడనిరి. చిన్నాయనయు అతులుడే యనిరి. క్రొత్తవాడు, ఊరు పేరు తెలియనివాడు, పనిపాటలు లేనివాడు, అతడుకాక మరెవ్వరని మేమందరము తలయూచితిమి. అప్పుడు గడపకావలినుండి ఆ బాలిక మెల్లగ ననెను:

“ఆ డాక్టరేమోనక్కా. ఇల్లు ఆయప్పది గదా. ఆయప్పకు తెలీకుండా రాత్రిపూట ఆ ఇంట్లో ఎవురు మెదులుతారు?”

మేము నవ్వితిమి. అరగంటకు ఆమె చెప్పినదే నిజమాయెను. అప్పుడును నవ్వితిమి గాని, ఆ నవ్వు వేరు.

పది దినములు గడువకమునుపే దేవునిగూటిలోని చిన్న పెట్టెనుండి మా అవ్వ రాళ్లకమ్మలు కనబడకపోయెను. ఇల్లంతయు గాలించితిమి. ధాన్యపు మూటలు, పరుపులు, బావిగట్టు అన్నియు చూచితిమి. కమ్మలు దొరకలేదు. అందరి నోటను ఆ బాలిక పేరే వచ్చెను. ఏమి చూచి యనుమానించితిమని యిప్పుడు తర్కించుకొనగా, చూచినదేమియు లేదు. ఆమె పనిపిల్ల యనునది మొదటి కారణము. ఎరుకలపిల్ల యనునది రెండవది. మూడవ కారణమును మాలోనివారొకరు కనిపెట్టిరి: “దొంగల గుట్టు దొంగలకే తెలుస్తాది. ఆ పొద్దు బొమ్మలో దొంగను ముందే చెప్పలేదా?” ఎవరనిరో యిప్పుడు చెప్పనక్కరలేదు. విన్నవారము ఒక్కరమును ఖండింపలేదు. మాకెవ్వరికిని లేని తెలివి ఆమెకున్నదన్న సంగతియే ఆమెమీద సాక్ష్యమాయెను.

రెండవ కారణమునకు వెనుక ఒక చరిత్ర యున్నది. 1871లో ఆంగ్ల ప్రభుత్వమువారు నేరస్థజాతుల చట్టమును చేసిరి. 1911 నాటి చట్టముతో అది మదరాసు రాజధానికిని వచ్చినది. దానివలన ఎరుకలవారిలో ననేకులు ఏ నేరమును చేయకయే, పుట్టుకచేతనే యనుమానితుల పట్టీకెక్కి, హాజరు చెప్పుకొనుచు బ్రతుకవలసిన వారైరి. బాపట్ల సమీపమున స్టూవర్టుపురము అట్టివారిని చేర్చుటకై సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణమున ఏర్పడినదే. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1952లో ఆ చట్టము రద్దయినది. రద్దయిన నలువది యొక్క సంవత్సరములకు, చట్టమెట్టిదో చదివినవారమైన మా యింట, అది చెక్కుచెదరక యమలులో నుండెను.

పోలీసులకు చెప్పుదుమా యను మాట వచ్చినది. చెప్పినచో పిల్లను కొట్టుదురేమో యని జాలిపడితిమి. దానికంటె అంజనము వేయించుట మేలని అవ్వ పట్టుపట్టెను. దెబ్బలు తప్పును, నిజము తేలును అని మాకు మేము నచ్చజెప్పుకొంటిమి. ఇంతకంటె సుకుమారముగ మనస్సాక్షిని నిద్రపుచ్చుట సాధ్యమని మేమనుకొనము.

ప్రక్కయూరినుండి అంజనము వేయువాడు వచ్చెను. తమలపాకుమీద నల్లని కాటుక దట్టముగ పూసెను. కాళ్లతో పుట్టిన బిడ్డకే అంజనము కనబడునని వారి నమ్మకము. మా యింట నట్లు పుట్టిన యేడేండ్ల బాలుడుండెను. వానిని దీపము ముందర కూర్చుండబెట్టి ఆకులోనికి చూడుమనిరి. “ఆంజనేయస్వామి వచ్చెనా?” “వచ్చె.” “చీపురుతో ఊడ్చెనా?” “ఊడ్చె.” “ఎవరో వచ్చుచున్నారు, ఆడమనిషియా?” “ఊ.” “చిన్నదియా?” “ఊ.” “చేతిలో గిన్నె యున్నదా?” “ఊ.”

ప్రశ్నలన్నియు పెద్దవారివి, ఆ పిల్లవానిది ‘ఊ’ అను నొక్క యక్షరము. అనుమానింపబడినవారిచేత బియ్యము నమిలించుటయు నిట్టిదే. భయముచేత ఎవరి నోరెండునో వారే దొంగ యందురు. దొంగకు భయమెంత యుండునో, దొంగయని వీధిలో నిలువబెట్టబడిన నిర్దోషికిని అంతయే యుండును. ఆ పరీక్ష పట్టుకొనునది భయమును మాత్రమే. ఇవి మేమిప్పుడు నేర్చిన మాటలు కావు; ఆనాడును మాకు తెలిసినవే.

తల్లీబిడ్డలను పిలిపించితిమి. తల్లి దర్గా వైపు చేయి చూపి తన బిడ్డ తీయలేదని ప్రమాణము చేసెను. బాలిక యేడ్వలేదు. తలవంచుకొని నేలను చూచుచు నిలువబడెను. అదియు తప్పు చేసిన లక్షణమే యని మాలో కొందరనిరి. ఏడ్చియుండినను అట్లే యనియుందురు. మరునాటినుండి ఆమె పనికి రాలేదు. వీధిలో మరి రెండిండ్లవారును ఆమెను మాన్పించిరి. కొన్నాళ్లకు ఆ కుటుంబము నాపరాళ్ల గనులున్న ఎర్రగుంట్ల వైపు పోయినదని వింటిమి.

మూడు నెలలకు నిజము మా చేతికి వచ్చెను. తరచుగ మా యింటికి వచ్చి పది దినములుండిపోవు దగ్గరి బంధువొకని చొక్కాను ఉతుకుటకు వేయుచుండగా జేబులో ప్రొద్దుటూరిలో కమ్మలు కుదువబెట్టిన చీటి దొరికెను. ఇంటి పెద్దలు తలుపులు మూసికొని అతనిని చీవాట్లు పెట్టిరి. డబ్బు కట్టి కమ్మలు విడిపించి తెచ్చిరి. ఇంటి పరువు దృష్ట్యా ఈ సంగతి గడప దాటరాదని నిశ్చయించిరి, మేమును అంగీకరించితిమి. వీధివారితో “కమ్మలు దొరికినవి” అని మాత్రము చెప్పితిమి.

అప్పుడు వీధివారన్న మాటను మేమెదురుచూడలేదు. “అంజనం దెబ్బ! భయపడి తెచ్చి పడేసింటుంది.”

కాదని చెప్పుటకు ఒక్క మాట చాలియుండెను. ఆ మాట మేమనలేదు. ఊరకుంటిమి. మా మౌనమును వీధివారు అవునని గ్రహించిరి. అంజనము వేసినవాని కీర్తి హెచ్చెను. తరువాత మా వీధిలో రెండిండ్లవారు ఏదో పోయినప్పుడు మా యింటి సంగతినే తార్కాణముగ చెప్పికొని వానిని పిలిపించుకొనిరి. ఆ యిండ్లలో ఆకు ఎవరిని చూపెనో మేము విచారింపలేదు. విచారించుటకు మాకు ధైర్యము చాలలేదు.

మూఢవిశ్వాసములు అజ్ఞానమువలన నిలుచుచున్నవని మనము వ్రాయుచున్నాము, ఉపన్యసించుచున్నాము. వీరేశలింగము పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించిన నాటినుండియు మనకిది పరిచితమైన వాదము. ఆయన ‘రాజశేఖర చరిత్రము’న బంగారము చేసిపెట్టెదనన్న బైరాగిని నమ్మి రాజశేఖరుడు చెడును. అతడు మోసపోయినవాడు, అతనిని చూచి జాలిపడవచ్చును. మా సంగతి యట్టిది కాదు. మా వీధిలో అంజనమును నిలిపినది అంజనగాని నేర్పును కాదు, వీధివారి యజ్ఞానమును కాదు. అది తప్పని రుజువు చూపు చీటిని పెట్టెలో పెట్టి తాళము వేసిన చదువుకొన్న యిల్లు. వీధివారికి కనబడిన సాక్ష్యమునుబట్టి వారు సరిగనే తర్కించిరి: అంజనము వేసిరి, కమ్మలు దొరికినవి. రెంటికి నడుమ మేము దాచిన ప్రొద్దుటూరి చీటిని వారెట్లెరుగుదురు? తక్కిన యూళ్లలో అంజనమునకు వచ్చిన ప్రతిష్ఠలో ఇట్టి యిండ్ల మౌనము ఎంత గలదో చదువరులే యోజింతురు గాక.

డిటెక్టివు కథలను పనిలేనివారి కాలక్షేపమని కొందరు పెద్దలు తీసివేయుదురు. ఆ కథలలో నొక మంచి యాచారమున్నది. తుదిని అందరిని కూర్చుండబెట్టి, ఎవరిని ఏల యనుమానించితిమో, అదేల తప్పో, నిజమేదో నలుగురి యెదుట విప్పి చెప్పుదురు. నిర్దోషి నలుగురిలోనే నిర్దోషి యగును. షెర్లాకు హోమ్సును సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ ఈ యాచారమును కథనుండి జీవితములోనికి తెచ్చినాడు. బొంబాయినుండి పోయి ఇంగ్లండున క్రైస్తవ మతాచార్యుడైన షాపుర్జీ ఎదల్జీ యను పార్సీవాని కుమారుడు జార్జి ఎదల్జీ న్యాయవాది. రాత్రివేళ పొలములో గుఱ్ఱమును గాయపరచెనని 1903లో అతనికి ఏడేండ్ల కఠినశిక్ష వేసిరి. మూడేండ్లు గడచిన పిదప విడిచిరి గాని నిర్దోషి యనలేదు. డాయిల్ అతనిని తొలిసారి చూచినప్పుడు అతడు వార్తాపత్రికను కన్నులకంటించుకొని చదువుచుండెను. ఇంత మందదృష్టి గలవాడు చీకటిలో పొలములకడ్డముగ పోయి ఆ పని యెట్లు చేయగలడని డాయిల్ ప్రశ్నించెను. ప్రశ్నించి తనలో దాచుకొనక 1907 జనవరిలో ‘డెయిలీ టెలిగ్రాఫు’ పత్రికలో వ్రాసెను. ఆ యేడు మే నెలలో ప్రభుత్వము ఎదల్జీకి క్షమాపత్రమిచ్చెను, నష్టపరిహారము మాత్రమీయలేదు. ఆ గ్రామమున అతనిమీదికి అనుమానమును త్రిప్పినది అతని శరీరపు రంగని డాయిల్ గుర్తింపకపోలేదు. కన్నులనుగూర్చిన యా సంగతిని ఆయన ఒక్క ఎదల్జీ చెవిలో మాత్రము చెప్పి ఊరకున్నచో ఏమి ప్రయోజనము? తాను నేరము చేయలేదని ఎదల్జీకి ముందే తెలియును గదా!

ఈ సత్యము మాకు పుస్తకములవలన తెలియలేదు. ఆపా గోడకావలినుండి పలికిన యా దినమున, మా నడవలో అందరు నూరకున్నప్పుడు, ఆనాడు ఆకులోనికి చూచిన బాలుడు, ఇప్పుడు ముప్పదినాలుగేండ్లవాడు, నోరు విప్పెను.

“నాకు ఆ ఆకులో ఏమీ కనపడలేదు. నల్లగా మెరిసింది, నా మొగమే కనపడింది. మీరంతా రెండు దినాలుగా ఆ అక్క పేరే చెప్పుకుంటాంటిరి. ఊ అంటే మీకు సంతోషమని అన్నాను.”

అది విని మా తమ్ముని కూతురు అడిగెను: అయినచో మీరెందరు తప్పు చెప్పితిమని ఆమెతో చెప్పినారు? మాలో నెవ్వరును చెప్పలేదు. అబద్ధపు పేరుతో వచ్చిన బ్యోంకేశుని కొంతసేపటి క్రిందట తప్పుపట్టిన పిల్లకు, నిజమైన పేర్లతో అబద్ధములో కాపురమున్న మేము ఏమి సమాధానము చెప్పగలము?

నిర్బంధములు సడలిన పిదప ఆ యేడు చివర పెదనాయనగారును మేమును ఎర్రగుంట్లకు పోయితిమి. విచారింపగా ఆమె కనబడెను. సిమెంటు కర్మాగారపు పనివారికి ఉదయము దోసెలు, ఉగ్గాని చేసి అమ్ముకొనుచున్నది. కూతురు ఇంటర్మీడియటు చదువుచున్నది. ఆమె మమ్ము గుర్తుపట్టి, బల్ల తుడిచి, కూర్చుండుమనెను. పెదనాయనగారు నిలువబడియే చెప్పిరి: “తప్పు మాదమ్మా. కమ్మలు తీసింది మా ఇంటిమనిషే. మాకు మూడు నెలలకే తెలిసింది. చెప్పలేదు.”

ఆమె చాలసేపు పెనమువైపు చూచుచుండెను. పిమ్మట ననెను:

“మాయమ్మ ఉన్నప్పుడు చెప్పింటే బాగుండు సార్. నేను తీయలేదని నాకు తెలుసు. మాయమ్మకే తెలీకుండా పాయె. దర్గా మీద ప్రమాణం చేసింది గానీ, ఆకులో కనపడిందంట గదా అని ఆమెకు లోపల ఉండె. సచ్చేదాకా అప్పుడప్పుడు అడుగుతానే ఉండె, నిజంగా నువ్వు తీయలేదు గదమ్మా అని.”

మేమెరుగని నష్టమిది. పని పోయినదని, ఊరు విడిచిరని యెరుగుదుము. తల్లి మనస్సులోనికి మేము పంపిన యనుమానము ఆమెతోకూడ పాడెక్కినదని యెరుగము. దానిని ఇప్పుడు వెనుకకు తీసికొనుటకు దారి లేదు.

పెదనాయనగారు చేతులు జోడించిరి. ఆమె చేయి యడ్డము పెట్టి, “నాతో చెప్పేదేముంది సార్, నాకు తెలిసిందే గదా. మీ వీధిలో చెప్పండి” అని, దోసె త్రిప్పెను.

2021 సంక్రాంతినాడు, చుట్టములు మా యింట కూడి వీధివారు అరుగులమీద నున్నవేళ పెదనాయనగారు ఆ మాట చెప్పిరి. కుదువచీటి సంగతి, మూడు నెలల సంగతి, ఇరువదియేడేండ్ల మౌనము సంగతి యన్నియు చెప్పిరి. తీసినవాని పేరు చెప్పలేదు. మా యింటివాడని మాత్రము చెప్పిరి. ఫలము సంపూర్ణముగ లభించెనని మేము వ్రాయజాలము. పాత పుండు రేపనేల యని కొందరనిరి. అంజనమెన్నడును తప్పదు, చూచిన పిల్లవాడు సరిగ చూడలేదని కొందరనిరి. ఆ పిల్లవాడు అచటనే యుండి, చూచినది తానే యనియు, కనబడినదేమియు లేదనియు చెప్పినను వారు నమ్మలేదు. మా బంధువు కుటుంబమువారు అటు పిమ్మట మా గడప త్రొక్కలేదు. ఆపా మాత్రము, “ఇప్పుడన్నా అంటిరి” అనెను. మా యింటి తరువాత అంజనగానిని పిలిపించుకొనిన రెండిండ్లలో నొకదాని యిల్లాలు ఆ రాత్రి మా వదినగారికడకు వచ్చి, తమ యింట ఆకు చూపినది ఎవరినో చెప్పి, కన్నీరు పెట్టుకొనెను. వారి సంగతి వారు చెప్పుకొనవలసినదే. అది మేము వ్రాయము.

సోదరీసోదరులారా! మీ యింట ఏదైన పోయినప్పుడు అనుమానము కలుగుట సహజము. దానిని నోట పలుకుటకుమున్ను, ఆ యెరుకలబాలిక వేసిన ప్రశ్నను వేసికొనుడు: ఇల్లెవరిది? ఎవరు అడ్డములేక తిరుగుదురు? పలికిన పిదప అది తప్పని తేలినచో, ఎక్కడ పలికితిరో అక్కడనే, ఎంత బిగ్గరగ పలికితిరో అంత బిగ్గరగనే వెనుకకు తీసికొనుడు. గదిలో పశ్చాత్తాపపడుట చాలదు. అనుమానము వీధిలోనికి పోయినచో నిజమును వీధిలోనికే పోవలెను.

ఈ సంచికను ఎర్రగుంట్లకు పంపుచున్నాము. ఆమె కూతురు చదివి వినిపించునని ఆశ. ఇందేదైన మేము తగ్గించి చెప్పియుంటిమని ఆమె యన్నచో, దానిని సరిదిద్ది వ్రాసెదము.